గుండెకన్నా ఎత్తులో

ఆ మనిషిని అంబులెన్సులో తీసుకురాలేదు. ఎర్రదుమ్ము పేరుకుపోయిన పికప్ ట్రక్కులో, డ్రైవరు పక్క సీట్లో కూర్చోబెట్టి తెచ్చారు. ఎడమచేతికి గ్రీజు గుడ్డ చుట్టారు. గుడ్డ మీద ప్లాస్టిక్ సంచి తొడిగారు. సీటు పాడవకుండా తొడిగిన సంచి అది. వసుమతి ముందు దాన్నే చూసింది. మణికట్టు దగ్గర రబ్బరు బ్యాండు బిగించి ఉంది. అడుగున రక్తం నిలిచి, సంచి బరువుగా వేలాడుతోంది.

ఊరి పేరు హార్లన్. పడమటి ఓక్లహోమాలో పత్తిచేల మధ్య చిన్న ఊరు. దానికో చిన్న ఆస్పత్రి, ఆ ఆస్పత్రికి వసుమతి ఒక్కతే సర్జన్. గుంటూరులో చదివి, షికాగోలో ట్రెయినింగ్ అయ్యి ఇక్కడికొచ్చిన కొత్తలో అపెండిక్సులు, కాన్పులు, ట్రాక్టరు కింద నలిగిన కాళ్ళు వచ్చేవి. చేలల్లో గ్యాస్ బావులు తవ్వడం మొదలయ్యాక కేసులు మారిపోయాయి. ఈ ఏడాది, ఎనభై ఒకటిలో, మరీ ఎక్కువ. ఇప్పుడన్నీ వేళ్ళే. కుట్లు వేసి పంపించేది. ఆ మనుషులు మళ్ళీ కనిపించేవాళ్ళు కాదు. మానిపోయిందేమో, అందుకే రావట్లేదు అనుకునేది.

నర్సు వాండా సంచి తీసింది. వసుమతి కత్తెరతో తోలు గ్లౌజుని మణికట్టు నుంచి వేళ్ళ దాకా చీల్చింది. లోపల రక్తం, పైపుల మరలకి రాసే నల్లటి గ్రీజు, బావిలోంచి వచ్చే బూడిదరంగు బురద కలిసి ముద్దయిపోయి ఉన్నాయి. ఏది గ్లౌజో ఏది చర్మమో తెలియడం లేదు. సెలైన్ పోస్తూ పోస్తూ ఉంటే మెల్లగా చెయ్యి బయటపడింది. నడిమివేలు, ఉంగరపువేలు చివర్లు నలిగిపోయాయి. ఉంగరం వాచిన వేలిలో కూరుకుపోయింది. దాన్ని కోయాలని చెబితే ఆ మనిషి మొదటిసారి నోరు తెరిచి, ముక్కలు పారెయ్యొద్దని మాత్రం అడిగాడు. పేరు వెర్నన్. నలభై దాటి ఉంటాయి. బావి తవ్వే రిగ్గు మీద చేరి రెండు నెలలు కూడా కాలేదట. కొత్తగా చేరినవాణ్ణి అక్కడ ‘వార్మ్’ అంటారు, పురుగని. ఏ వయసువాడైనా అంతే. పైపుకీ, పైపు బిగించే ఇనప పట్టకారుకీ మధ్య చెయ్యి పడింది.

తీసుకొచ్చినతను గోడవారగా, టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. పేరు హోయ్ట్. రిగ్గు మొత్తానికి పెద్ద, టూల్‌పుషర్. వసుమతికి తెలిసినవాడే. క్రిస్మస్‌కి ఆస్పత్రి స్టాఫ్ అందరికీ పొగబెట్టిన మాంసం పంపిస్తాడు. ఆమె తినదని ఎవరో చెబితే, మరుసటేడు ఆమెకి విడిగా పీకాన్ పప్పుల డబ్బా పంపాడు. అలాంటి మనిషి. ఆమె సూది చేతిలోకి తీసుకోగానే దగ్గరికొచ్చి, ఒక మాట అడగొచ్చా అన్నాడు. కుట్లకి బదులు ప్లాస్టర్ పట్టీలతో సరిపెట్టలేరా?

నొప్పి గురించి అడుగుతున్నాడేమో అనుకుని, మత్తు ఇచ్చాను, తెలియదని చెప్పింది. నొప్పి కాదన్నాడు. కుట్టు పడితే అది ప్రమాదం కింద లెక్కకొస్తుందనీ, పట్టీ వేస్తే ఉత్త ప్రథమ చికిత్స అనీ, ఎవరికీ చెప్పాల్సిన పని లేదనీ నెమ్మదిగా వివరించాడు.

“ఎముక కనిపిస్తోంది,” అంది వసుమతి. “పట్టీ దేనికి అంటించమంటారు?”

హోయ్ట్ వంగి చూశాడు. చూసి తలాడించాడు. కోపం తెచ్చుకోలేదు. వెళ్ళి బయట కూర్చున్నాడు.

ఆమె చచ్చిన చర్మం కత్తిరించి, ఎముక పలుకులు ఏరి, వదులుగా కుట్లు వేసింది. అంత మురికి చేరిన గాయాన్ని గట్టిగా మూసేస్తే లోపల చీము పడుతుంది. రెండు రోజులు ఆస్పత్రిలో ఉంచాలని చెప్పింది. వెర్నన్ మొదట తలుపు వైపు, తలుపు అవతల కూర్చున్న హోయ్ట్ వైపు చూశాడు. ఆ తర్వాతే ఇంటికెళ్తానన్నాడు. ఆమె రెండుసార్లు చెప్పి చూసింది. చివరికి హోయ్ట్‌ని లోపలికి పిలిచి, ఇద్దరికీ వినపడేలా చెప్పింది. మందులు తప్పకూడదు. పని చెయ్యకూడదు. పడుకున్నా కూర్చున్నా చెయ్యి గుండెకన్నా ఎత్తులో ఉండాలి. రేపు పొద్దున కట్టు మార్చడానికి రావాలి.

హోయ్ట్ బుద్ధిగా ఆ మాటలే తిరిగి చెప్పాడు, పాఠం అప్పజెప్పినట్టు. వెర్నన్ భుజం కింద చెయ్యి వేసి జాగ్రత్తగా ట్రక్కు ఎక్కించుకున్నాడు.

మర్నాడు వెర్నన్ రాలేదు. మధ్యాహ్నం దాకా చూసి, వాండా చేత ఫోన్ చేయిద్దామంటే నంబరు లేదు. అడ్రసు రాయాల్సిన చోట కంపెనీ పేరే ఉంది. వసుమతి ఆ రోజంతా ఏ పనీ సరిగ్గా చెయ్యలేకపోయింది. వార్డులో ఒకే మంచం దగ్గరికి రెండుసార్లు వెళ్ళింది. కిటికీలోంచి రోడ్డు చూసింది. బయట గాలి. హార్లన్‌లో గాలి ఎప్పుడూ ఆగదు. పార్కింగులో ఎవరిదో కాగితం కప్పు అటూ ఇటూ దొర్లుతూనే ఉంది.

సాయంత్రం భోజనాల దగ్గర ఆ సంగతి భర్తతో అంది. జగదీష్ ఆ రిగ్గులు నడిపే కంపెనీలోనే డ్రిల్లింగ్ ఇంజనీరు. ఊరి ఆఫీసులో ఉంటాడు. వారంలో రెండు మూడుసార్లు రిగ్గుల మీదికి వెళ్ళొస్తాడు. బెండకాయ కూర అన్నంలో కలుపుకుంటూ మామూలుగా అన్నాడు.

“ఎవరు, వెర్ననా? రిగ్ మీదే ఉన్నాడు.”

“రిగ్ మీదా? ఆ చేత్తోనా?”

“పని చెయ్యట్లేదు వసూ. డాగ్‌హౌస్‌లో కూర్చున్నాడు. ఫుల్ పే ఇస్తున్నారు. లైట్ డ్యూటీ అంటారు దాన్ని.”

డాగ్‌హౌస్ అంటే రిగ్గు అరుగు మీద ఉండే ఇనప గది. పనివాళ్ళు బట్టలు మార్చుకునేదీ, కాఫీ తాగేదీ అక్కడే. ఆ మాత్రం ఆమెకు తెలుసు. మిగిలింది అతను చెప్పాడు. దెబ్బ తగిలినవాడు మర్నాడు పనికి రాకపోతే అది లాస్ట్ టైమ్ యాక్సిడెంట్, అంటే పనిరోజు పోయిన ప్రమాదం. ప్రమాదం లేకుండా ఎన్నాళ్ళు గడిచాయో గేటు దగ్గర బోర్డు మీద రాస్తారు. ఆ అంకె సున్నాకి వచ్చేస్తుంది. మనిషి వచ్చి ఊరికే కూర్చున్నా చాలు, అంకె నిలుస్తుంది. ఏడాది నిలిస్తే మనుషులందరికీ రిగ్గు నంబరు కుట్టిన తోలు జాకెట్లు, కుటుంబాలతో డిన్నరు. అది చిన్న సంగతి. అసలు సంగతి, ఉత్తరాన కొత్త బావి. చాలా లోతు బావి. దాని సొంతదారులు సేఫ్టీ రికార్డు చూడనిదే ఎవరికీ కాంట్రాక్టు ఇవ్వరు. ఆ బావి ప్లాను మీద జగదీష్ వేసవంతా పనిచేశాడు.

“అందరూ చేసేదే,” అన్నాడు. “మనవాళ్ళొక్కళ్ళే కాదు.”

“అతనికి మంచం మీద పడుకోమని చెప్పానండీ.”

“హోయ్ట్ బాగానే చూసుకుంటాడులే. యూ నో హిమ్.”

వసుమతి లేచి గిన్నెలు కడగడం మొదలుపెట్టింది. కడిగిన గిన్నే మళ్ళీ కడుగుతోందని కాసేపటికి గమనించింది. ఇన్నాళ్ళూ తను కుట్లు వేసి పంపిన చేతులన్నీ ఎక్కడికి వెళ్ళాయో ఇప్పుడు తెలిసింది. భర్త అన్న మాటల్లో మిగతావన్నీ ఒక ఎత్తు, ఆ ‘మనవాళ్ళు’ ఒక ఎత్తు అనిపించింది.

మర్నాడు మధ్యాహ్నం ఔట్ పేషెంట్లు అయ్యాక సంచీ సర్దుకుని, వాండాకి చెప్పి, కారు తీసింది. ఊరు దాటగానే రోడ్డు తిన్నగా, ఎర్రగా. రిగ్గు చాలా ముందు నుంచే కనిపిస్తుంది, ఎంతసేపు డ్రైవ్ చేసినా దగ్గరికి రాదు. చివరికి వచ్చాక దాని చప్పుడు తప్ప మరొకటి లేదు. ఇంజన్ల మోత కారు అద్దాల్లోంచి పళ్ళలోకి దిగింది. గేటు దగ్గర కుర్రవాడొకడు ఆమెని ఎవరి భార్యో అనుకుని అడ్డం వచ్చాడు. డాక్టరునని చెబితే తికమకపడి, తల కన్నా పెద్దదైన హెల్మెట్ ఒకటి ఇచ్చి వదిలేశాడు.

ఇనప మెట్లు జల్లెడలా ఉన్నాయి. కాళ్ళ కింద నేల కనిపిస్తోంది. కమ్మీ పట్టుకున్న అరచేతికి గ్రీజు అంటింది. అరుగు మీద మనుషులు పైపు కలుపుతున్నారు. ఒకడు గొలుసు విసిరాడు, అది పాములా పైపుకి చుట్టుకుంది. ఇద్దరు పట్టకార్లు తగిలించి లాగారు. పైపు బిగిసింది, బురద చింది వాళ్ళ మొహాల మీద పడింది, ఎవరూ తుడుచుకోలేదు. ఆమెని చూసి ఒక్కొక్కరే ఆగారు. మీటల దగ్గర నిలబడ్డ డ్రిల్లరు, ఎముకలు తేలిన మనిషి, కర్టిస్ అనే అతను, ఆమెకి దారి చూపించాడు.

డాగ్‌హౌస్‌లో బెంచీ మీద వెర్నన్ కూర్చుని ఉన్నాడు. గోడ కొక్కానికి తాడు కట్టి, తాడుకి ఒక తువ్వాలు ఊయలలా కట్టి, అందులో అతని చెయ్యి పెట్టారు. గుండెకన్నా ఎత్తులో. మోచేతి కింద మడత పెట్టిన రెయిన్‌కోటు. పక్కన కాగితం మీద శాండ్‌విచ్, చిన్నపిల్లలకి కోసినట్టు ముక్కలుగా కోసి ఉంది. ఒంటిచేత్తో తినగలిగేలా. తిడదామని వచ్చింది. ఈ శాండ్‌విచ్ ముక్కల్ని చూశాక ఎవర్ని తిట్టాలో తెలియలేదు.

కట్టు విప్పింది. కర్టిస్ లోపలికొచ్చి, అడక్కుండానే గిన్నె పట్టుకున్నాడు. కుట్ల మధ్యనుంచి చీము. వాసన. మణికట్టు పైన సన్నటి ఎర్రచార ఒకటి మోచేతి వైపు బయల్దేరింది. వెర్నన్ నుదురు ముట్టుకుంటే వెచ్చగా ఉంది. ఇప్పుడే ఆస్పత్రికి రావాలంది.

వెర్నన్ రానన్నాడు. ఆమె కారణం అడిగింది. అతను ఇంజన్ల మోతకి గొంతు పెంచలేదు. ఆమే వంగి వినాల్సి వచ్చింది.

“మిషిగన్‌లో కార్ల ఫ్యాక్టరీ మూసేశారు మేడమ్. అన్నీ అమ్ముకుని ఇక్కడికొచ్చాం. నా భార్య, పాప చెరువు ఒడ్డున టెంటులో ఉన్నారు. ఇక్కడ కూర్చుంటే నేను పనివాణ్ణి. మీతో వస్తే ఒంటిచేతి వార్మ్‌ని. అలాంటివాణ్ణి ఎవడు ఉంచుకుంటాడు?”

హోయ్ట్ ఎప్పుడొచ్చాడో గుమ్మంలో ఉన్నాడు. “నేనెవర్నీ కట్టెయ్యలేదు డాక్టర్,” అన్నాడు. “అతనిష్టం.”

వెర్నన్ చెయ్యి తాడుకి వేలాడుతూనే ఉంది.

ఆమె ఏమీ చెయ్యలేకపోయింది. అక్కడే, ఆ బెంచీ మీదే గాయం కడిగి, రెండు కుట్లు విప్పి, చీము పోయేలా చేసి, ఇంజక్షన్ ఇచ్చింది. ఎర్రచార ఎక్కడ ఆగిందో అక్కడ చర్మం మీద పెన్నుతో అడ్డంగా గీత గీసింది. ఎరుపు ఈ గీత దాటితే ఒక్క గంట కూడా ఆగకూడదు, చెయ్యే కాదు, మనిషే పోతాడని చెప్పింది. హోయ్ట్‌కి చెబుతున్నట్టు మొదలుపెట్టింది గానీ, వింటున్నది కర్టిస్. అతను ఆమె మొహం చూడలేదు. ఆ గీతనే చూస్తున్నాడు. గుమ్మం అవతల మిగతావాళ్ళు కూడా మెడలు చాచి చూస్తున్నారు. కట్టు కింద ఏముందో వాళ్ళు అంతవరకూ చూడలేదు.

ఆమె ఆస్పత్రికి తిరిగొచ్చేసరికి ఫోన్లు ఆమెకన్నా ముందే వచ్చేశాయి. అడ్మినిస్ట్రేటర్ ప్రూయిట్ తన గదిలోకి పిలిచి, కుర్చీ చూపించి, ఎండ ఎక్కువగా ఉందని మొదలుపెట్టాడు. కొత్త ఎక్స్‌రే గది ఎవరి విరాళంతో వచ్చిందో ఆమెకి గుర్తు చెయ్యక్కర్లేదన్నాడు. మన పని గుమ్మం దాటి లోపలికొచ్చినవాళ్ళకి వైద్యం చెయ్యడం, వెళ్ళి వెతుక్కోవడం కాదు కదా అన్నాడు. పెద్దమనిషి తరహాలో, గొంతు హెచ్చకుండా అన్నాడు. ఆమె వింది. ఆ పేషెంటు చెయ్యి పోతుందని చెప్పింది. అతను విచారంగా తలూపి, అది పేషెంటు నిర్ణయం అన్నాడు. హోయ్ట్ అన్న మాటే.

జగదీష్ ఆ సాయంత్రం పెందరాళే వచ్చాడు. బూట్లు విప్పకుండానే హాల్లో అటూ ఇటూ తిరిగాడు. అతని బాసు పిలిచి, మీ ఆవిడతో ఒకసారి మాట్లాడు అన్నాడట. అంతకన్నా ఏమీ అనలేదట. అంతకన్నా అనక్కర్లేదు కూడా. ఆ ఆఫీసులో ఇండియన్ తనొక్కడే అనీ, తన మాటకి విలువ వచ్చి ఎన్నాళ్ళో కాలేదనీ, ఆమె తనకి ఒక్క మాట చెప్పి వెళ్ళాల్సిందనీ అన్నాడు.

“చెబితే వెళ్ళనిచ్చేవారా?” అంది.

అతను తిరగడం ఆపాడు.

“ఆ మనిషి తనంతట తనే వస్తే నేనొద్దంటానా వసూ? అతనే రానంటున్నాడు. నువ్వూ నేనూ ఏం చేస్తాం?”

“మీరు రేపు అటెలాగూ వెళ్తారు కదా. ఒకసారి డాగ్‌హౌస్‌లోకి వెళ్ళి ఆ చెయ్యి చూడండి. నేనింకేమీ అడగను.”

“నేను డాక్టర్ని కాదు.”

“చూడ్డానికి డాక్టరవ్వక్కర్లేదు.”

అతను టీవీ పెట్టి వార్తలు చూశాడు. వార్తల్లో వాతావరణం చెప్పే మనిషి రేపు కూడా గాలి ఉంటుందని చెప్పాడు.

మర్నాడు వసుమతికి ఒక హెర్నియా ఆపరేషన్ ఉంది. అది చేస్తున్నంతసేపే నిమ్మళంగా ఉంది. చేతులు కడుక్కుని బయటికి రాగానే మళ్ళీ ఆ ఎర్రచార. తనే వెళ్దామా అనుకుంది. వెళ్తే ఆ మనిషి మళ్ళీ రానంటాడు. షెరీఫ్‌కి ఫోన్ చేద్దామా అనుకుంది. ఏమని? తన ఇష్టంతో కూర్చున్న మనిషిని ఎత్తుకు రమ్మనా? ఫోను తీసి, పెట్టేసి, మళ్ళీ తీసింది. కాఫీ పోసుకుని తాగడం మరిచిపోయింది.

రెండింటికి వాండా పరుగున వచ్చి పిలిచింది. ఎమర్జెన్సీ గుమ్మం ముందు కంపెనీ కారు ఆగి ఉంది, జగదీష్ కారు. ముందు సీట్లో వెర్నన్. ఎడమచెయ్యి కారు తలుపు మీది పిడికి తాడుతో కట్టి ఉంది. తల పక్కకి వాలిపోయింది, పెదాలు ఎండిపోయాయి. జగదీష్ దిగి తాడు విప్పడానికి చూస్తున్నాడు. ముడి ఊడట్లేదు. తెల్లచొక్కా ముందుభాగం అంతా బురదా గ్రీజూ. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అతను బయటికి వేసుకెళ్ళిన చొక్కా మీద ఒక్క మరక ఆమె చూడలేదు. కత్తెరతో తాడు కత్తిరించింది.

“గీత దాటింది,” అన్నాడు జగదీష్. “చాలా దాటింది.”

మోచెయ్యి దాటి పైకి పాకింది. రెండు వేళ్ళూ నల్లబడ్డాయి. ఆమె వెంటనే థియేటర్‌లోకి తీసుకెళ్ళింది. రెండు వేళ్ళూ తీసేసి, అరచెయ్యి తెరిచి, చీమంతా కడిగి, తెరిచే ఉంచింది. బొటనవేలు, చూపుడువేలు, చిటికెనవేలు మిగిలాయి. మొన్ననే ఆస్పత్రిలో ఉండి ఉంటే రెండిటి కొసలు మాత్రమే పోయేవేమో. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. వేరే ఆస్పత్రికి పంపాలా అని ఒక గంట ఆలోచించి, జ్వరం దిగడం మొదలయ్యాక ఇక్కడే ఉంచింది.

ఆమె బయటికొచ్చేసరికి జగదీష్ వరండా బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఏం జరిగిందో ముక్కలు ముక్కలుగా చెప్పాడు. బావిలో దింపాల్సిన ఇనప గొట్టాల గురించి మాట్లాడ్డానికి వెళ్ళాడు. డాగ్‌హౌస్‌లోకి వెళ్ళకూడదనే అనుకున్నాడు. కానీ అక్కడ ఎవరి మనసూ పని మీద లేదు. ఒక పైపు కలపడం అవగానే కర్టిస్ లోపలికెళ్ళి చూసి వస్తున్నాడు. ఇంకో పైపు అవగానే ఇంకొకడు. ఎవరూ ఏమీ చెప్పుకోవడం లేదు. తనూ వెళ్ళాడు. వెర్నన్ కళ్ళు తెరిచి గుర్తుపట్టాడు.

“‘మీరు డాక్టర్‌గారి భర్త కదా సర్,’ అన్నాడు. ‘ఎర్రది ఆ గీత దాటిందో లేదో చూసి చెప్పండి. వీళ్ళెవరూ చెప్పట్లేదు,’ అన్నాడు. తల తిప్పి చూసుకునే ఓపిక కూడా లేదు వసూ.”

వసుమతి అతని పక్కన కూర్చుంది.

“దాటలేదని చెప్పొచ్చు. ఒక్క మాట. కింద నా కారు ఉంది, ఎక్కి వచ్చెయ్యొచ్చు.” అతను అరచేతులు చూసుకున్నాడు. “చెప్పలేకపోయాను.”

దాటిందని అతను అనగానే కర్టిస్ వెళ్ళి రిగ్గు ఆపేశాడట. ఎవరూ ఆపమనలేదు. ఇంజన్ల మోత తగ్గేసరికి తన చెవులు పనిచెయ్యడం మానేశాయా అనుకున్నాడట జగదీష్. అందరూ కలిసి వెర్నన్‌ని ఆ జల్లెడ మెట్ల మీదుగా దింపారు. ఒకడు ముందుండి, వెనక్కి నడుస్తూ చెయ్యి పైకెత్తి పట్టుకున్నాడు. హోయ్ట్ అవతల తన ఆఫీసు ట్రెయిలర్ గుమ్మంలో నిలబడి చూశాడు. కిందికి రాలేదు, ఆపనూ లేదు. కారు కదిలేటప్పుడు మాత్రం లోపలికెళ్ళి ఫోను తీశాడు.

వెర్నన్ భార్య డార్లీన్ సాయంత్రం వచ్చింది. కర్టిస్ తన ట్రక్కులో తీసుకొచ్చాడు. ఎండకి మొహం కమిలిపోయి ఉంది. చంకలో పాప నిద్రపోతోంది. వసుమతి ఆపరేషన్ గురించి వివరంగా చెప్పింది. చెయ్యి నిలిచిందనీ, పట్టు కొంత వస్తుందనీ చెప్పింది. డార్లీన్ అంతా విని, పాపని ఇంకో చంకలోకి మార్చుకుంది.

“మీరు అక్కడికి వెళ్ళకపోతే ఆయనకి ఉద్యోగం ఉండేది,” అంది.

వెళ్ళకపోతే ఆయనే ఉండేవాడు కాదని వసుమతి అనబోయింది. అనలేదు. డార్లీన్‌కి ఆ సంగతి తెలుసు. తెలిసే అంటోంది. తర్వాత డార్లీన్ పాపని ఎత్తుకుని కుర్చీలో కూర్చోవడానికి అవస్థపడుతుంటే వసుమతి పాపని అందుకుంది. ఆమె వద్దనలేదు.

వెర్నన్‌ని కంపెనీ తీసేసింది. శుక్రవారం నాడు జగదీష్‌ని కూడా. అతని విషయంలో కారణాలు వేరే చెప్పారు. ఉత్తరం బావి కాంట్రాక్టు ఇంకొకరికి వెళ్ళిందనీ, అంతమంది ఇంజనీర్లు అక్కర్లేదనీ. అది నిజమే కావచ్చు కూడా. అతను కారు తాళాలు బల్ల మీద పెట్టి, అట్టపెట్టెలో సామాను సర్దుకుని, ఇంటిదాకా నడిచొచ్చాడు. వసుమతి అన్నం పెట్టింది. తిన్నాడు. హ్యూస్టన్‌లో తెలిసినవాళ్ళకి ఫోన్ చెయ్యాలి అన్నాడు. చెయ్యలేదు. శనివారం, ఆదివారం ఇంట్లో ఒక్కచోట కూర్చోలేకపోయాడు. పెరటి కంచె బాగు చేశాడు. బాగున్న కొళాయి విప్పి మళ్ళీ బిగించాడు. ఒకసారి మాత్రం, ఆమె అటు తిరిగి ఉన్నప్పుడు, “నీ మీద కోపం లేదు,” అన్నాడు. కొంచెం ఆగి, “ఉంది గానీ, పోతుంది,” అన్నాడు.

సోమవారం పొద్దున ఉన్న ఒక్క కారులో అతనే ఆమెని ఆస్పత్రికి దింపాడు. పార్కింగులో ఎప్పుడూ లేనన్ని పికప్ ట్రక్కులు. ఆదివారం అంతా వచ్చిపోయిన కర్టిస్ ట్రక్కు కూడా ఉంది. డార్లీన్‌నీ పాపనీ టెంటులోంచి తన ట్రెయిలర్ ఇంట్లోకి తెచ్చుకున్నాడని వాండా అప్పటికే చెప్పింది. వెర్నన్‌ని చూడ్డానికి మనుషులు వచ్చారేమో అనుకుంది వసుమతి.

వరండాలో బెంచీలు నిండిపోయి, మిగిలినవాళ్ళు గోడలకి ఆనుకుని నిలబడ్డారు. అందరూ తల దువ్వుకుని, ఉతికిన చొక్కాలు వేసుకుని ఉన్నారు. కొందర్ని ఆమె ఆ రిగ్గు మీద చూసింది. చాలామంది వేరే రిగ్గులవాళ్ళు, వేరే కంపెనీలవాళ్ళు. ఎవరి పక్కనా టూల్‌పుషర్ లేడు. ఆమెని చూసి టోపీలు తీశారు.

వాండా దగ్గరికొచ్చి, వీళ్ళెవరికీ అపాయింట్‌మెంట్ లేదు డాక్టర్ అంది. ప్రూయిట్ గది తలుపు కొంచెం తెరుచుకుని, మళ్ళీ మూసుకుంది.

“వీళ్ళంతా వెర్నన్ కోసమా?” అడిగింది వసుమతి.

“కాదు,” అంది వాండా. “మీకోసం.”

అప్పుడు చూసింది. ఒకడు ఒకవైపు భుజం దింపి నిలబడ్డాడు. ఒకడి కన్ను ఎర్రగా, నీరు కారుతోంది. ఒకడు బూటు విప్పి చేత్తో పట్టుకున్నాడు. ఒకడి చూపుడువేలు వంకరగా అతుక్కుపోయి, ఎటో చూపిస్తోంది. కొత్త దెబ్బ ఒక్కటీ లేదు.

లోపలికి తొంగిచూసిన జగదీష్ ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు. ఇంటికి వెళ్ళి చేసే పనేమీ లేదు. నిలబడ్డవాళ్ళలో బూటు విప్పినతను ఒంటికాలి మీద బరువు మార్చుకుంటుంటే చూశాడు. చూసి, క్యాఫెటేరియా వైపు వెళ్ళి, మడత కుర్చీలు నాలుగు మోసుకొచ్చాడు. మళ్ళీ వెళ్ళబోతుంటే గోడవారనున్న కర్టిస్ కదిలి అతని వెనకే నడిచాడు.

వసుమతి చేతులు కడుక్కుని తన గదిలోకి వెళ్ళి, మొదటివాణ్ణి పిలవమంది. భుజం దింపినతను వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. పాతికేళ్ళుంటాయేమో. చొక్కా బొత్తాలు కుడిచేత్తో ఒక్కొక్కటే విప్పుకుంటున్నాడు. ఎడమచెయ్యి లేవడం లేదు.

“ఎప్పుడు తగిలింది?”

“పోయిన చలికాలంలో మేడమ్.”

“ఎవరైనా చూశారా?”

అతను ఆఖరి బొత్తం విప్పాడు. “లేదు మేడమ్. కూర్చోబెట్టారు.”

వరండాలో కుర్చీలు విప్పుతున్న చప్పుడు. వసుమతి స్టూలు దగ్గరికి లాక్కుని, అతని భుజం కింద చెయ్యి పెట్టి, నొప్పి ఎక్కడ మొదలవుతుందో చెప్పమంది.